వడ్డీకి హద్దు, పెట్టుబడికి బలం: తెలుగునాట ఋణవ్యవస్థపై చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

సుమతీ శతకంలో అప్పును గురించి రెండు భిన్నమైన అభిప్రాయాలు కనిపిస్తాయి. ఒక పద్యం నివాసయోగ్యమైన ఊరికి ఉండవలసినవాటిని లెక్కిస్తూ ఋణదాతను వైద్యునికంటే, జీవనదికంటే ముందు నిలుపుతుంది. మరొక పద్యం ఋణంతో అనుభవించే వైభవం చివరికి హానికరమని హెచ్చరిస్తుంది. ఈ రెంటినీ పరస్పర విరుద్ధాలుగా భావించనవసరం లేదు. ఋణం లేని ఊరు ఎదగదు. హద్దు లేని ఋణం ఊరిని మింగుతుంది. పెట్టుబడిదారీ వ్యవస్థ బలాన్ని, దాని సంస్కరణావశ్యకతను చర్చించడానికి ఈ రెండు పద్యాల మధ్యనున్న చోటు అనువైనది.

ఈ వ్యవస్థపై తెలుగులో జరిగిన చర్చలో కర్మాగారానికి, కార్మికునికి ప్రాధాన్యం లభించింది. అయితే తెలుగునాట గ్రామీణులలో అత్యధికులకు ఆ వ్యవస్థ ముందుగా ప్రోనోటు రూపంలో, తనఖా దస్తావేజు రూపంలో పరిచయమైంది. అందువల్ల ఈ వ్యాసం 1852 నుండి 2011 వరకు తెలుగు ప్రాంతాల ఋణవ్యవస్థను ఆధారంగా తీసుకుంటున్నది. చెదిరిన పొదుపును కూడగట్టి రేపటి పంటను నేటి పెట్టుబడిగా మార్చడం ఈ వ్యవస్థ అసలైన బలం. నష్టభారాన్నంతా ఋణగ్రహీతపైకి నెట్టగలిగినప్పుడు ఆ బలమే విధ్వంసకరమవుతుంది. కాబట్టి సంస్కరణ అన్నది వ్యవస్థకు వెలుపలినుండి వేసే కళ్ళెం మాత్రమే కాదు, అది నిలబడడానికి అవసరమైన నియమం కూడా. ఈ వ్యాసం ప్రతిపాదన ఇదే.

ధర్మశాస్త్రాలలో వడ్డీకి హద్దు

ధర్మశాస్త్రకారులు చెప్పిన పద్దెనిమిది వ్యవహారపదాలలో మొదటిది ఋణాదానం. వడ్డీ ఒక్కమారుగా వసూలు చేసేటప్పుడు అసలుతో కలిపి రెట్టింపును దాటరాదన్న ద్వైగుణ్య నియమం మనుస్మృతిలో ఉంది. ధాన్యం మొదలైన వస్తువులకు వేరే పరిమితులు చెప్పారు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరా వ్యాఖ్యను 13వ శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేయడంతో ఈ వ్యవహార పరిజ్ఞానం దేశభాషలోకి వచ్చింది. న్యాయగ్రంథం పద్యరూపంలో వెలువడడాన్ని సాహిత్య చరిత్రకారులు విశేషంగా పేర్కొంటారు. ఆర్థిక చరిత్ర దృష్టితో చూసినా దానికి ప్రాముఖ్యం ఉంది. ఋణం ఇద్దరి మధ్య ఒప్పందం మాత్రమే కాదనీ, దానిపై సమాజానికి అధికారం ఉన్నదనీ చెప్పే సంప్రదాయం తెలుగులో అంత పాతది.

ఈ సంప్రదాయాన్ని ఆదర్శీకరించడం తగదు. ధర్మశాస్త్రాలలో వడ్డీ రేటు వర్ణాన్ని బట్టి మారింది. తక్కువ వర్ణం వారిపై ఎక్కువ వడ్డీ విధించబడింది. అయినప్పటికీ రెట్టింపు వద్ద గీసిన గీతలో ఆచరణాత్మకమైన వివేకం ఉంది. కాలం గడిచినకొద్దీ అంతులేకుండా పెరిగే ఆశ లేనప్పుడు, ఋణదాత తీర్చగలవానికే అప్పిచ్చి, సకాలంలో రాబట్టుకోవడానికి శ్రద్ధ వహిస్తాడు.

ఆనకట్ట, విపణి, ఋణం

పెట్టుబడి బలాన్ని తెలుసుకోవడానికి ఆనకట్టలకు ముందున్న డెల్టాను గుర్తుచేసుకోవాలి. 1832-33లో వచ్చిన నందన కరువు గుంటూరు ప్రాంతంలో జనాభాలో మూడోవంతుకు పైగా బలిగొన్నదని అంచనా. గోదావరి మండలంలో 1821లో 7,38,308గా ఉన్న జనాభా 1841 నాటికి 5,61,041కి పడిపోయినట్లు నాటి అధికారిక లెక్కలు చెబుతున్నాయి. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో ప్రారంభమైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట 1855లో ముగిసింది. జిల్లా సరిహద్దులు మారిన మాట నిజమే కాని, 1891 నాటికి గోదావరి జిల్లా జనాభా 20 లక్షలు దాటింది.

ఈ మార్పును నీరు ఒక్కటే తేలేదు. నీరు వచ్చిన పొలానికి ఎడ్లు, విత్తనం, కూలి, గట్ల పని కావాలి. పంట చేతికి రావడానికి నెలలు పడుతుంది. ఆ వ్యవధిని దాటించినది ఋణం. పండిన ధాన్యాన్ని కాలువ పడవలు కాకినాడ రేవుకు చేర్చాయి. 1900లో గోదావరిపై రైలు వంతెన పూర్తయ్యాక మద్రాసు, కలకత్తా విపణులు దగ్గరయ్యాయి. దూరపు ధర ఊరి ధరను నిర్ణయించడం మొదలయ్యాక రైతు తిండికి మించి పండించడానికి ప్రోత్సాహం కలిగింది. ఆ మిగులు తరువాతి తరాలలో బియ్యం మిల్లులుగా, పొగాకు వ్యాపారంగా, పాఠశాలలుగా, ముద్రణాలయాలుగా, చలనచిత్ర నిర్మాణంగా రూపాంతరం చెందింది. చిన్న చిన్న మిగుళ్ళను ఒకచోట చేర్చి, తెలియని మనుషుల అవసరాలతో జతపరచి, కొత్త పనికి ధైర్యమిచ్చే ఈ శక్తి మరే పాత వ్యవస్థకూ ఇంత మేరకు లేదు.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మొదటిది, ఆనకట్ట ప్రైవేటు పెట్టుబడితో కట్టినది కాదు. కంపెనీ ప్రభుత్వ ధనంతో కట్టినది. డెల్టా విపణికి పునాది ప్రభుత్వ వ్యయమే. రెండవది, ఆ సంపద అందరికీ సమానంగా అందలేదు. నీరు పొందిన భూమి విలువ పెరిగిన లాభం భూమి గలవారిది. పాలేరు, మాల మాదిగ కూలీలు ముందుగా తీసుకున్న అప్పుకు కట్టుబడి యజమాని వద్దనే పనిచేయవలసి వచ్చింది. వేలాదిమంది తీరాంధ్ర కూలీలు రంగూన్‌కు వలసపోవడం కూడా ఈ కాలపు చరిత్రలో భాగమే. 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి నవల కూలీలకు, ధనిక రైతుకు మధ్య ఘర్షణను కథాకేంద్రంగా గ్రహించడానికి ఈ నేపథ్యమే కారణం.

తొలగిన హద్దు, తిరగరాసిన నోటు

కృష్ణ ఆనకట్ట పూర్తయిన 1855లోనే వడ్డీ పరిమితి చట్టాలు బ్రిటిష్ ఇండియాలో రద్దయ్యాయి. అంతకు ముందు మద్రాసు రాష్ట్రంలో 1802 నాటి నిబంధన ప్రకారం న్యాయస్థానాలు సాలుకు 12 శాతానికి మించిన వడ్డీని ఇప్పించేవి కావు. ఇంగ్లండులో 1854లో జరిగిన రద్దును అనుసరించి, ఒప్పందంలో రాసుకున్న వడ్డీ ఎంతైనా చెల్లుతుందన్న సూత్రం ఇక్కడికీ వచ్చింది. ద్వైగుణ్య నియమాన్ని బొంబాయి రాష్ట్ర న్యాయస్థానాలు హిందువుల ఋణాల విషయంలో ‘దాందుపట్’ పేరుతో పాటించగా, మద్రాసు హైకోర్టు పరిధిలో అది అమలుకు నోచుకోలేదు. ఆ విధంగా ధనం విస్తారంగా ప్రవహించడం మొదలైన దశలోనే దానికున్న పాత గట్టు తెగిపోయింది.

నష్టం జరిగిన తీరును ప్రోనోటులో చూడవచ్చు. నోటుకు కాలపరిమితి 3 సంవత్సరాలు. ఆ లోపల దావా వేయకపోతే బాకీ చెల్లదు. ఋణగ్రహీతను రక్షించవలసిన ఈ నియమం ఆచరణలో తలకిందులైంది. గడువు సమీపించగానే షావుకారు వడ్డీని అసలులో కలిపి నోటును తిరగరాయించుకునేవాడు. కొత్త నోటులో పాత వడ్డీ కూడా అసలుగానే కనిపిస్తుంది. నూటికి నెలకు రెండు రూపాయల బారువడ్డీ మీద అసలు రెట్టింపు కావడానికి 4 సంవత్సరాల 2 నెలలు పడుతుంది. ఏటేటా వడ్డీని అసలులో కలిపితే అది మూడేళ్ళ మూడు నెలలలోపే రెట్టింపవుతుంది. రెండు మూడు మార్లు తిరగరాసిన నోటులో మొదట చేతికి అందిన డబ్బు ఎంతో రైతుకు గుర్తుండదు, కాగితానికి అసలే తెలియదు. చివరికి భూమి చేతులు మారుతుంది.

ఈ ప్రక్రియలో షావుకారు దుర్మార్గమే ముఖ్య కారణమని చెప్పలేము. ఊరిలో అప్పు పుట్టే చోటు ఒక్కటే అయినప్పుడు, తీర్చలేనివానికి అప్పివ్వడం కూడా లాభమే అయినప్పుడు, ఏ ఋణదాతయినా అదే చేయడానికి అవకాశముంది. లోపం నియమంలో ఉంది.

విపణి సాధనాలతోనే సంస్కరణ

ఈ లోపాన్ని సరిదిద్దడానికి జరిగిన తొలి ప్రయత్నాలు పెట్టుబడి సాధనాలనే ఉపయోగించుకోవడం గమనార్హం. మద్రాసు ప్రభుత్వం కోరికపై ఫ్రెడరిక్ నికల్సన్ 1895-97లో సమర్పించిన నివేదిక జర్మనీలోని రైఫైజెన్ సహకార పరపతి సంఘాలను మార్గదర్శకంగా చూపింది. 1904, 1912 సంవత్సరాల సహకార చట్టాలకు అది తోడ్పడింది. సహకార సంఘంలో అప్పిచ్చేది, తీసుకునేది ఒకే ఊరివారు. ఎవరికి ఎంత తీర్చే శక్తి ఉందో సభ్యులకు తెలుసు. బాకీ మునిగితే నష్టమూ వారిదే. ఋణదాతను ఋణగ్రహీతకు జవాబుదారుగా చేయడమే ఇందులోని సారం.

1906లో మద్రాసులో అర్బత్‌నాట్ సంస్థ కుప్పకూలి డిపాజిటుదారులు నష్టపోయారు. దాని పర్యవసానంగా 1907లో ఇండియన్ బ్యాంకు ఏర్పడింది. మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఇదే దారిలో సహకార బ్యాంకు ఉద్యమంలో పనిచేసి, 1923 నవంబరులో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించారు. లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో మొదలైన ఆంధ్రా బ్యాంకు పరిమిత బాధ్యత గల కంపెనీ. అంటే పెట్టుబడిదారీ న్యాయవ్యవస్థ సృష్టించిన రూపాన్నే జాతీయోద్యమ నాయకుడొకరు స్థానిక పొదుపును స్థానికావసరాలకు మళ్ళించడానికి స్వీకరించారు. గుత్తను పోటీతో, వ్యక్తి ఇష్టాన్ని సంస్థ నియమంతో భర్తీచేసే ఈ శక్తిని వ్యవస్థ బలాలలో ఒకటిగా లెక్కించాలి.

ఆర్థిక మాంద్యం, 1938 చట్టం

అయితే ఈ సంస్థల విస్తృతి అవసరానికి చాలలేదు. 1929 తరువాత వచ్చిన ప్రపంచ ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర సుమారు సగానికి పడిపోయింది. రైతు రాబడి ధాన్యంలో ఉంది, అప్పు రూపాయలలో ఉంది. పది బస్తాలు అమ్మి తీర్చవలసిన వాయిదాకు ఇరవై బస్తాలు అమ్మవలసి వచ్చింది. కొత్త అప్పు చేయకుండానే పాత అప్పు రెట్టింపయింది. మద్రాసు రాష్ట్ర గ్రామీణ ఋణభారాన్ని 1930లో బ్యాంకింగ్ విచారణ సంఘం 150 కోట్ల రూపాయలుగా అంచనా వేయగా, 1935లో సత్యనాథన్ నివేదిక 200 కోట్లకు పైగా ఉన్నదని పేర్కొన్నది.

రాజగోపాలాచారి మంత్రివర్గం తెచ్చిన 1938 మద్రాసు వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టం ఈ పరిస్థితికి సమాధానం. 1932 అక్టోబరుకు ముందరి అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని అది రద్దు చేసింది. అసలుకు రెట్టింపు చెల్లించి ఉంటే బాకీ తీరినట్లే పరిగణించింది. తరువాతి అప్పులకు వడ్డీని 5 శాతంగా, చట్టం వచ్చాక చేసే కొత్త అప్పులకు 6.25 శాతంగా నిర్ణయించింది. అన్నిటికంటే నిశితమైన అంశం మరొకటి ఉంది. నోటు ఎన్నిసార్లు తిరగరాసినా, మొదట చేతికిచ్చిన డబ్బునే అసలుగా లెక్కించాలని చట్టం ఆదేశించింది. మద్రాసు న్యాయస్థానాలు పక్కన పెట్టిన ద్వైగుణ్య నియమాన్ని శాసనసభ ఈ రూపంలో తిరిగి తెచ్చింది.

చట్టం ఎందరో రైతుల భూమిని నిలిపింది. దాని పరిమితులు కూడా స్పష్టమే. భూమిపై హక్కు గలవారు, కౌలుదారులు వ్యవసాయదారుల నిర్వచనంలోకి వచ్చారు. భూమి లేని కూలీ రాలేదు. పాత అప్పుకు ఉపశమనం కల్పించిన చట్టం రేపటి విత్తనానికి డబ్బు ఎక్కడినుండి వస్తుందో చెప్పలేదు. 1951-52లో జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే ప్రకారం రైతుల ఋణాలలో సహకార సంఘాల వాటా 3.1 శాతం, వాణిజ్య బ్యాంకుల వాటా 0.9 శాతం మాత్రమే. వడ్డీవ్యాపారుల వాటా 70 శాతానికి దగ్గరగా ఉంది. హద్దు గీసినంత మాత్రాన కొత్త దారి ఏర్పడదని ఈ అంకెలు తెలుపుతున్నాయి.

హైదరాబాదు సంస్థానం: విపణి చేరని చోట

డెల్టా అనుభవంతో పోల్చడానికి హైదరాబాదు సంస్థానంలోని తెలంగాణ అవసరం. వడ్డీకి హద్దు తొలగిన విపణి ఎంత నష్టం చేసిందో డెల్టా చూపితే, స్వేచ్ఛ గల విపణి చేరని చోట అప్పు ఎలా ఉండేదో తెలంగాణ చూపుతుంది. అక్కడ అప్పు కాగితం మీద పెరగడంతో ఆగక మనిషిని పట్టుకున్నది. అప్పు తీరేవరకు, తరచు అప్పు తీరకుండానే, తరతరాలు దొర పొలంలో పనిచేసే భాగేలా పద్ధతి పాతుకుపోయింది. దీనిని నియంత్రించడానికి నిజాం ప్రభుత్వం 1936లో ఒక నిబంధనను తెచ్చినా దొరల అధికారం ముందు అది నిలవలేదు. వెట్టి, భూఆక్రమణ, ఋణదాస్యం కలిసి 1946-51 నాటి సాయుధ పోరాటానికి కారణాలయ్యాయి.

పెట్టుబడి లేకపోతే దోపిడీ ఉండదన్న భావనను ఈ పోలిక నిలువనివ్వదు. డెల్టా పాలేరుకు రంగూన్ ఓడ ఎక్కడానికి దారి ఉన్నది. భాగేలాకు ఊరు దాటడమే నేరమైంది. పని మార్చుకోగలగడం, అప్పు వేరొకచోట పుట్టడం, సరుకును మరొకరికి అమ్ముకోగలగడం అన్నవి చిన్న స్వేచ్ఛలు కావు.

పోరాటం తరువాత 1956లో కరీంనగర్ జిల్లా ముల్కనూరులో ఎ.కె. విశ్వనాథరెడ్డి చొరవతో సహకార గ్రామీణ బ్యాంకు, విక్రయ సంఘం ఏర్పడింది. ఋణాన్ని, ఎరువుల సరఫరాను, పంట విక్రయాన్ని ఒకే సంస్థ చేపట్టడం దాని ప్రత్యేకత. సభ్యుడు పంటను సంఘానికే అమ్మడం వల్ల బాకీ వసూలు తేలికైంది. మంచి ధర రాబట్టడం సంఘానికీ అవసరమైంది. ఇచ్చినవారి లాభం, తీసుకున్నవారి లాభం ఒకే దిశలో నడిచాయి.

జాతీయీకరణ నుండి సూక్ష్మ ఋణాల వరకు

1969 జూలైలో 14 బ్యాంకుల, 1980 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకుతో సహా మరి ఆరింటి జాతీయీకరణతో రాజ్యం నేరుగా ఋణదాత అయింది. 1981 నాటికి దేశంలో గ్రామీణ ఋణాలలో సంస్థాగత వాటా 60 శాతం దాటింది. మూడు దశాబ్దాల కిందటి సర్వేతో పోల్చినప్పుడు ఇది అసాధారణమైన మార్పు. 1991 తరువాతి సరళీకరణలో బ్యాంకుల దృష్టి మారి, 2002 నాటికి ఆ వాటా సుమారు 57 శాతానికి తగ్గింది.

ఆ ఖాళీలోకి స్వయం సహాయక సంఘాలు, సూక్ష్మ ఋణ సంస్థలు వచ్చాయి. 1992లో మొదలైన బ్యాంకు అనుసంధాన పథకం, 1995 ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం మహిళల పొదుపు ఉద్యమానికి ఊతమిచ్చాయి. భూమి, తనఖా లేని స్త్రీకి కూడా పరపతి ఉన్నదని గుర్తించడం పెద్ద ముందడుగు. సూక్ష్మ ఋణ సంస్థలు దేశవిదేశాల పెట్టుబడిని గుడిసె దాకా తెచ్చాయి. అయితే వృద్ధిరేటే విలువకు కొలమానమైనప్పుడు ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు అప్పిచ్చాయి. గుంపు పూచీ ఇరుగుపొరుగు ఒత్తిడిగా మారింది. 2006లో కృష్ణా జిల్లాలో వచ్చిన వివాదం తొలి హెచ్చరిక. ఋణగ్రస్త మహిళల ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సును, 2011లో చట్టాన్ని తెచ్చింది. సంస్థలు నమోదు కావాలి, హామీ తీసుకోరాదు, వారం వాయిదాలకు బదులు నెల వాయిదాలు ఉండాలి, మొత్తం వడ్డీ అసలును మించరాదు. మనుస్మృతిలోని రెట్టింపు గీత మూడవసారి తెలుగునాట కనిపించింది.

ఫలితం 1938ని తలపించింది. వేధింపు ఆగింది, వసూళ్ళతోపాటు కొత్త అప్పులూ ఆగిపోయాయి. రిజర్వు బ్యాంకు నియమించిన మాలేగాం సంఘం 2011లో మరొక మార్గాన్ని సూచించింది. ఒక ఋణగ్రహీతకు ఎన్ని సంస్థలు, ఎంత మేరకు అప్పివ్వవచ్చునో పరిమితి విధించడం, సంస్థల లాభాంశానికి హద్దు పెట్టడం, అప్పుల సమాచారాన్ని ఒకచోట నమోదు చేయడం అందులో ముఖ్యాంశాలు. తీర్చలేనివానికి అప్పివ్వకుండా ఋణదాతనే నిలువరించాలన్న ఆలోచన ఇందులో ఉంది.

రెండు ఆక్షేపణలు

ఈ చరిత్రపై రెండు వైపుల నుండి ఆక్షేపణలు రావచ్చు. సంస్కరణలన్నీ అతుకులేననీ, భూసంబంధాలు మారకుండా ఋణసంబంధాలు మారవనీ ఒక వాదం. ఇందులో బలమైన సత్యముంది. 1938 చట్టం కూలీని విడిచిపెట్టింది. బ్యాంకు నేటికీ పట్టా చూసి అప్పిస్తుంది. అయితే 1951 నాటి 70 శాతానికి, 1981 నాటి స్థితికి మధ్య తేడాను అతుకు అని తోసిపుచ్చలేము. ఆ తేడా లక్షల కుటుంబాల భూమి.

వడ్డీకి హద్దు పెడితే అప్పు ఎండిపోతుందని మరొక వాదం. 1938, 2010 అనుభవాలు దీనిని కొంత సమర్థిస్తాయి. కాని హద్దు లేని 1855 తరువాతి కాలం ఏమి చేసిందో ఈ వాదం చెప్పదు. సంక్షోభం ముదిరాక హఠాత్తుగా గీసిన గీత విపణిని స్తంభింపజేస్తుంది. ముందునుండి ఉన్న గీత దానిని నడిపిస్తుంది. 2010 నాటి వైఫల్యానికి హద్దు పెట్టడంకంటే ఆలస్యంగా పెట్టడమే ఎక్కువ కారణం.

ముగింపు

నూట అరవై సంవత్సరాల అనుభవాన్ని సమీక్షిస్తే మూడు విషయాలు తేలుతున్నాయి. ఋణం ద్వారా పెట్టుబడి చేసిన మేలు యథార్థం. అది లేని చోట ఋణదాస్యం మరింత క్రూరంగా ఉన్నది. వడ్డీకి హద్దు అవసరం. అయితే దానితోపాటు ప్రత్యామ్నాయ సంస్థలు లేకపోతే అది సగం సంస్కరణే. నిలిచిన సంస్కరణలన్నిటిలోనూ, ఆంధ్రా బ్యాంకు ఆరంభదశ మొదలు ముల్కనూరు వరకు, అప్పిచ్చినవారు తీసుకున్నవారి జయాపజయాలలో పాలు పంచుకున్నారు.

ఈ దృష్టితో చూసినప్పుడు మిగిలిన పని కౌలురైతు వద్ద ఉంది. డెల్టాలో నేడు పొలం దున్నే చేయి, పట్టా ఉన్న చేయి తరచు వేరువేరు. 2011 నాటి సాగుదారుల గుర్తింపు చట్టం, 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ఈ అంతరాన్ని పూడ్చడానికి ప్రయత్నించాయి. అయినా నష్టాన్ని మోసేవాడు సంస్థాగత ఋణానికి దూరంగా, ప్రోనోటుకు దగ్గరగా ఉన్నంతకాలం 1855 ముగిసిపోయిన చరిత్ర కాదు. సుమతీ శతకకారుడు ఋణదాతను ఊరికి అవసరమన్నాడు. ఆ ఋణదాత ఊరిలోని ఏ ఇంటిదాకా వస్తాడో, ఏ నియమానికి కట్టుబడి వస్తాడో నిర్ణయించవలసిన బాధ్యత ఊరిదే.